గోడకు బయట వదిలిన జాగా

భూమి కేసుల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు, మీరు గెలిచిన పెద్ద కేసు ఏదని అడుగుతుంటారు. పెద్ద కేసులేవీ నా గుమ్మం తొక్కలేదు. పశ్చిమ బెంగాల్ ఖరగ్‌పూర్‌లో ఒక చిన్న న్యాయ సహాయ కేంద్రంలో నా ఉద్యోగం మొదలైంది, అక్కడే ముగిసింది. ఫీజు ఇచ్చుకోలేనివాళ్ళు మా దగ్గరకు వచ్చేవారు. అన్నదమ్ముల వాటాలు, పక్కింటివాడు చెప్పకుండా జరిపిన కంచె, రోడ్డుకని ప్రభుత్వం తీసుకుంటానన్న నేల, ఇవే మా పని. ఈసారి ఎవరైనా అడిగితే ఒక గది గురించి చెప్పాలనుకున్నాను. నోటితో చెబితే సగమే చెప్పగలుగుతున్నాను. అందుకని రాస్తున్నాను.

నా సంగతి ఒక్క ముక్క చెప్పి ముందుకు వెళతాను. మా నాన్నగారు అదే ఊళ్ళో, సుభాష్‌పల్లిలో మా తెలుగువాళ్ళ మందిరంలో పురాణం చెప్పేవారు. ఆయన వ్యాసపీఠం ముందు కూర్చునే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఇప్పటికీ శనివారం మా ఆడవాళ్ళ పారాయణం నేనే నడుపుతాను. నల్లకోటు వేసుకున్న రోజున కూడా దీపం పెట్టకుండా ఇల్లు కదలలేదు. మా కేంద్రంలో నాకు సీనియరు ఒక బెంగాలీ ఆయన. నేను దాదా అనేదాన్ని. దేవుడి మాట ఎత్తితే, ఆయన ఏ హద్దుల్లో ఉంటాడో సర్వే నంబరు చెప్పమనేవాడు. ఆ ఎగతాళికి నేనెప్పుడూ బాధపడలేదు. పేదవాళ్ళ కోసం అంత ఓపికగా మెట్లెక్కి దిగిన మనిషిని నేను మందిరంలో కూడా తక్కువగానే చూశాను.

ఆ ఏడు మా ఊళ్ళోనే మలంచా పేట వైపు రోడ్డు వెడల్పు చేస్తామన్నారు. ప్రభుత్వం భూమి తీసుకునేటప్పుడు ముందు నోటీసు ఇస్తుంది. గడువులోగా మన అభ్యంతరం రాసివ్వాలి. తరువాత అధికారి పిలిచి వింటాడు. మీరు తెలుసుకోవాల్సిన చట్టం ఈ కథకు ఇంతే.

నోటీసు పట్టుకుని మా పారాయణంలో కూర్చునే ఆవిడ ఒకరు వచ్చారు. నాకంటే పెద్దది. మా శ్రీకాకుళం వైపు అక్కను అప్ప అంటాం, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆవిడ భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. పిల్లలు లేరు. రోడ్డు పక్కన చిన్న ఇల్లు: ముందు ప్రహరీ గోడ, లోపల వరండా, దాని వెనక ఒక గది, ఆ వెనక వంటకు రేకుల పంచ. ఆ గదిలోనే కుట్టుమిషను, మంచం, దేవుడి పటాలు. సగం మలంచా జాకెట్లు ఆ గదిలో కుట్టినవే. సర్వేయరు వచ్చి ఎర్ర రంగుతో గీత గీసిపోయాడు. పక్క ఇళ్ళవాళ్ళకు గీత వరండా మీద పడింది. అప్పకు మాత్రం గది వెనక గోడ మీద పడింది. అంటే గది మొత్తం పోతుంది, రేకుల పంచ ఒక్కటే మిగులుతుంది.

"పంచలో పొయ్యి పెట్టుకుంటే మిషను పట్టదు. మిషను పెడితే నాను పట్టను," అని నవ్వింది అప్ప. నవ్వుతూనే నోటీసు నా బల్ల మీద పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

గీత ఆవిడ దగ్గరే ఎందుకు లోపలికి వంగిందని సర్వే ఆఫీసులో అడిగాను. ఆమె ప్రహరీ గోడ అందరికంటే వెనక ఉంది, గోడకు ముందున్నది రోడ్డు నేల, కాబట్టి కొలత గోడ దగ్గర నుంచి మొదలైందన్నారు. నాకూ అది సబబుగానే తోచింది. ఆ గోడ ముందు జాగా నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వేసవిలో మా అమ్మోరి పండగకు ఆడవాళ్ళు పసుపు రాసిన ఘటాలు నెత్తిన పెట్టుకుని, డప్పులతో ఊరేగింపుగా వస్తారు. దారిలో అమ్మోరు ఆ గోడ ముందు దిగుతుంది. ఘటం దించి, వేపాకు పరిచి, పసుపు నీళ్ళు పోసి, అందరూ కాసేపు కూర్చుంటారు. అది అమ్మోరు దిగే చోటు. దానికి ఇంకో పేరు, ఇంకో యజమాని ఉంటారని మాలో ఎవరికీ తట్టలేదు.

తట్టింది దాదాకి, అదీ చెప్పుల వల్ల. ఇల్లు చూద్దామని ఇద్దరం టోటో అనే బ్యాటరీ రిక్షాలో వెళ్ళాం. నేను అలవాటు ప్రకారం చెప్పులు ఆ జాగాకు ఇవతలే వదిలాను. దాదా బూట్లతో నేరుగా ముగ్గు మీద నిలబడి, గొడుగు ముడిచి, ఎర్ర గీత వంక చూస్తున్నాడు. అప్ప లోపల నుంచి చూసింది.

"దాదా, జూతా ఖోలియే," అంది గట్టిగా. "అక్కడ అమ్మోరు కూసుంటాది."

ఆవిడ తెలుగును నేను ఆయనకు బెంగాలీలో చెబుతూ వచ్చాను. ఆయన రోడ్డు వైపు, తన కాళ్ళ వైపు చూసుకుని, రోడ్డు మీద బూట్లు విప్పమనడం ఏమిటని అడిగాడు.

"రోడ్డేటి? అది మా జాగా. గోడ కట్టినప్పుడు మా అత్త మేస్త్రీని ఎనక్కి కట్టమంది. అమ్మోరికి కూసోడానికి చోటు వొదిలింది. రోడ్డు ఆ కాలవ దగ్గర మొదలవుతాది."

దాదా బూట్లు విప్పాడు. పక్కింటి వరండాలో కూర్చున్నాయన ఆ దృశ్యాన్ని ఎన్నాళ్ళో చెప్పుకున్నాడు. దాదా మేజోళ్ళతోనే కాలవ దాకా నడిచి, పక్క ఇళ్ళ ముందు అంచులతో కంటితో వరస చూసుకుని, నా వైపు తిరిగాడు.

"దీదీ, మీ అమ్మవారు ఆక్రమణదారు కాదు, అతిథి," అన్నాడు. "ఈ నేల ఈవిడది. కొలత కాలవ నుంచి మొదలైతే గది నిలుస్తుంది."

తిరిగి వచ్చేటప్పుడు దారంతా స్వామికి దండాలు పెట్టుకుంటూనే ఉన్నాను. దాదా అది చూసి, దండం తనకు పెట్టాలి గానీ అని సణిగాడు. మర్నాడు అభ్యంతరం రాసి, సంతకానికి అప్పను పిలిపించి, చదివి వినిపించాను. గోడ బయటి జాగా నా సొంతం, నా స్వాధీనంలో ఉంది అన్న వాక్యం దగ్గర ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"నాదని రాయొద్దు సెల్లీ."

ఎందుకని అడిగాను.

"మా అత్త అమ్మోరికి ఇచ్చేసింది. ఇచ్చినదాన్ని మళ్ళీ నాదని ఎలగంటాను?"

చాలాసేపు నచ్చచెప్పాను. ఎటు తిరిగినా ఆ జాగా రోడ్డు కిందికే పోతుందని చెప్పాను. రోడ్డు నేల అని రాస్తే ఊరికే పోతుంది, నీదని రాస్తే అది పోయి గది నిలుస్తుంది, తేడా అంతేనన్నాను. ఆవిడ అంతా విని, నా మాటను నాకంటే బాగా అర్థం చేసుకున్నట్టుగా తలూపింది.

"అంటే అమ్మోరి జాగా ఇచ్చి నా గది కొనుక్కోమంటావు," అంది. "ఆళ్ళు తీసుకుంటే ఆళ్ళ పాపం. నాను ఇస్తే నా పాపం."

పుట్టినప్పటి నుంచి వింటున్న పురాణంలో, చదివిన చట్టంలో ఎక్కడా నాకు దీనికి జవాబు దొరకలేదు. దాదాకి చెబితే తల పట్టుకున్నాడు. ఈ వాక్యం లేకపోతే అభ్యంతరమే లేదు, ఆవిడకు చెప్పకుండా రాసి సంతకం పెట్టించెయ్యి, గది నిలిచాక ఆవిడే దీవిస్తుందన్నాడు. ఆయన మంచికే చెప్పాడు. అలా చేసి మంచి చేసిన లాయర్లనూ నేను చూశాను. కానీ శనివారం నా పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని నామం చెప్పే మనిషి చేత, తను ఒప్పుకోని మాట కింద సంతకం పెట్టించలేకపోయాను. ఆ జాగా మా అత్తగారు గోడ బయట వదిలినది, దానిని నేనే చూసుకుంటున్నాను అని మాత్రం రాశాను. ఆ మాటకు ఆవిడ సంతకం పెట్టింది. దాదా చదివి, ఇది కేసు కాదు, కీర్తన అన్నాడు.

ఆ శనివారం పారాయణం అయ్యాక ఎవరూ లేవకుండా ఆపి ఈ సంగతి సభ ముందు పెట్టాను. మా నాన్నగారి తరువాత మందిరంలో పురాణం చెప్పే పెద్దాయన ఆ రోజు అక్కడే ఉన్నారు. ఒకావిడ, దేవుడిది తీసుకుంటే వంశానికి మంచిది కాదంది. ఇంకొకావిడ, ఆ మాట అనడానికి అప్పకు వంశం ఎక్కడుందని అడిగి, అన్నాక తనే నాలుక కరుచుకుంది. అప్ప నొచ్చుకోలేదు. పెద్దాయన పుస్తకానికి గుడ్డ చుడుతూ ఉన్నారు.

"మీ అత్త ఇచ్చిందా, పరిచిందా?" అని అడిగారు చివరికి.

అప్పకు అర్థం కాలేదు.

"సుట్టం వొస్తే సాప పరుస్తాం కదమ్మా. ఎల్లినాక సాప సుట్టి లోపల పెట్టుకుంటాం. సుట్టం కూసున్నాడని సాప ఆయనదైపోతాదా?"

"అమ్మోరు సుట్టం కాదు కదా బాబూ," అంది అప్ప.

"కాదు. అందుకే మళ్ళీ వొస్తాది. వొచ్చినప్పుడు కాళ్ళు కడగడానికి ఆ రోడ్డు మీద నువ్వుండొద్దా? ఇల్లు పోతే నువ్వెక్కడుంటావు?"

మందిరం మెట్లు దిగుతూ అప్ప నా చెయ్యి పట్టుకుని, విచారణకు వస్తానంది. అయితే నాదని మాత్రం అననంది. నేను సరేనన్నాను. ఆ సరే ఎంత బరువైనదో దిగాక తెలిసింది. ఆ వారమంతా నా ప్రార్థనలో ఇంకో మాట లేదు. ఆవిడ నోట అబద్ధం రాకూడదు, ఆవిడ గది పోకూడదు. రెండూ ఒకేసారి అడగడం అత్యాశేమోనని స్వామికే చెప్పుకున్నాను.

విచారణ రోజున నది దాటి మేదినీపూర్ ఆఫీసుకు బస్సులో వెళ్ళాం. అప్ప ఉతికిన తెల్లచీర కట్టుకుని, చేతిసంచిలో వేపాకు రెమ్మ ఒకటి పెట్టుకుని వచ్చింది. అధికారి నడివయసు బెంగాలీ మనిషి. ముఖంలో అలసట తప్ప కోపం లేదు. ప్రభుత్వం తరఫు ఆయన సర్వే పటం పరిచి తన వాదన చెప్పాడు: దస్తావేజులో తూర్పు హద్దు రోడ్డు అని మాత్రమే ఉంది, గోడ కట్టుకున్నదే వాళ్ళు, గోడ ముందు ఏటేటా ఊరేగింపు ఆగుతుంది, పదిమందీ వాడే చోటు పదిమందిదే. వినడానికి నిజంగానే బాగుంది. మా వైపు నుంచి నేను లేచి, పక్క ఇళ్ళ అంచుల వరస చూపించాను. అధికారి తలూపాడు గానీ, కలం కదపలేదు. ఆవిడనే అడుగుతానన్నాడు.

అప్ప బెంగాలీ బాగానే మాట్లాడుతుంది, అయితే అందులోనూ శ్రీకాకుళమే వినిపిస్తుంది. అందుకని ఆవిడ మాటలు మన మాటల్లోనే రాస్తున్నాను.

ఆ స్థలం మీదేనా అని అడిగాడు అధికారి. అప్ప నా వైపు చూసింది, తరువాత కిటికీ వైపు చూసింది. ఆయన మళ్ళీ అడిగాడు. దాదా బల్ల కింద నా కాలు తొక్కాడు. అవునను అని తెలుగులో ఒక్క మాట అందిస్తే చాలు, ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్ళం అప్పా నేనూ ఇద్దరమే. నా పెదవి దాకా వచ్చింది. స్వామీ అనుకుని మింగేశాను.

"అమ్మోరు కూసునే చోటు బాబూ," అంది అప్ప.

ప్రభుత్వం తరఫు ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. అధికారి రాసుకోబోయాడు. అప్పుడు నేను, ఒక ప్రశ్న అడగనివ్వమన్నాను. ఏం అడగాలో లేచే దాకా నాకు తెలియదు. ఆ ప్రశ్న నాది కాదని ఇప్పటికీ నా నమ్మకం.

"అప్పా, ఏ ఏడైనా నువ్వు వద్దంటే అమ్మోరు అక్కడ దిగుతుందా?"

అప్ప నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

"వొద్దంటే ఎలగ దిగుతాది? ఒక ఏడు వొద్దన్నాను కదా."

ఎప్పుడని అధికారి అడిగాడు.

"మా ఆయన పోయినప్పుడు. ఇంట్లో మైల. మైల ఇంటి జాగాలో అమ్మోరిని ఎలగ దింపుతారు? గుమ్మంలో నిలబడి వొద్దని చేతులు జోడించినాను. రోడ్డుకి అటేపు మిఠాయి దుకాణం ముందర దింపినారు. ఆ ఏడు నాను గుమ్మం లోంచే దండం పెట్టుకున్నాను."

అధికారి కలం కింద పెట్టాడు. మైల అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్ళ ఇళ్ళలోనూ అశౌచం ఉంటుంది, గడప దగ్గర ఆగిపోవడం ఉంటుంది. ఆ ఇంటి మైల ఆ జాగాకు అంటిందంటే, ఆ జాగా ఆ ఇంటిదే. రోడ్డుకు మైల ఉండదు. ఇది నేను వాదించలేదు. ఆయనే మెల్లగా, తనలో తను అనుకున్నట్టు అన్నాడు. తరువాత ప్రభుత్వం తరఫు ఆయన వైపు తిరిగి, ఇంకేమైనా ఉందా అని అడిగాడు. ఆయన పటం మడిచాడు.

అయినా అధికారి అక్కడికక్కడ తేల్చలేదు. మిఠాయి దుకాణం ముసలాయన్ని పిలిపించి అడిగాడు. మీ అమ్మవారు ఒకే ఒక్క ఏడు నా దుకాణం ముందు కూర్చుంది, అందరికీ సందేశ్ పంచాను, ఎలా మరిచిపోతానని ఆయన చెప్పాడు. తరువాత కొలతలు మళ్ళీ తీశారు. కాలవ దగ్గర నుంచి గొలుసు వేస్తే గీత వరండా మీద పడింది. గది నిలిచింది.

విచారణ రోజున తిరుగు బస్సులో దాదా నా పక్కన కూర్చున్నాడు. నది మీద వంతెన ఎక్కాక, ఆ ప్రశ్న ఎప్పుడు తయారు చేసుకున్నావని అడిగాడు. తయారు చేసుకోలేదన్నాను. ఆయన నవ్వలేదు, ఒప్పుకోనూ లేదు. సాక్షిని ముందుగా అన్నీ అడిగి ఉంచుకోని లాయరు మంచి లాయరు కాదన్నాడు. ఆ మాట నిజమే. మీరు మాత్రం అన్నీ ముందుగానే అడిగి ఉంచుకోండి. చావు, మైల, పండగ, అలక అన్నీ అడగండి. నేల ఎవరిదో మనుషులు కాగితాల్లో కంటే వీటిలోనే ఎక్కువ చెబుతారు. ఆ తరువాత కూడా ఒక్క కుర్చీ స్వామికి ఖాళీగా ఉంచండి. ఈ మాట దాదా ఉంటే కొట్టేయించేవాడు.

ఉత్తర్వు చేతికి వచ్చిన రోజున అప్ప దాన్ని కళ్ళకద్దుకుంది. తరువాత చాలా మామూలుగా అడిగింది.

"మరి అమ్మోరు ఎక్కడ కూసుంటాది సెల్లీ?"

ఏదో దారి చూపిస్తుందిలే అన్నాను. ఆ మాట భక్తితో అన్నానా, తప్పించుకోవడానికి అన్నానా అని ఆ సాయంత్రం దీపం ముందు నన్ను నేను ప్రశ్నించుకున్నాను.

రోడ్డు పని మొదలైంది. గోడ కొట్టేశారు, వరండా కొట్టేశారు, ముగ్గు వేసే జాగా కంకర కిందికి పోయింది. కొట్టే రోజున అప్ప అక్కడ పసుపు నీళ్ళు చల్లి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. పొక్లెయిను నడిపే బిహారీ మనిషి చప్పుడు చేయకుండా చెప్పులు విప్పి, మళ్ళీ వేసుకుని పని మొదలుపెట్టాడని పక్కింటాయన చెప్పాడు. నేను చూడలేదు.

వేసవి వచ్చింది. పండగ రోజున నేను ఊరేగింపుతోనే నడిచాను. మలంచా మలుపు తిరిగాక అందరి నడకా నెమ్మదించింది. కొత్త రోడ్డు మీద ఆటోలు దూసుకుపోతున్నాయి, దించడానికి చోటు ఎక్కడా లేదు. ఘటం ఎత్తుకున్న అమ్మాయి ఎటు వెళ్ళాలో తెలియక నిలబడింది. అప్పుడు అప్ప తన గది తలుపు రెండు రెక్కలూ తెరిచింది. గదిలో ఏమీ లేదు. మిషను లేదు, మంచం లేదు, కుట్టాల్సిన బట్టల మూటలు లేవు. నేలంతా అలికి, గోడ నుంచి గోడ దాకా ముగ్గు వేసి, మధ్యలో వేపాకు పరిచింది. అమ్మోరు లోపలికి వెళ్ళి దిగింది.

జనం వెళ్ళిపోయాక ఇంటి వెనక్కి వెళ్ళి చూశాను. రేకుల పంచలో, పొయ్యికీ మిషనుకీ మధ్య ఇరుక్కుని కూర్చుని అప్ప వక్క కత్తిరించుకుంటోంది. మంచం బయట నిలబెట్టి ఉంది. ఘటం కదిలి వెళ్ళిపోయింది కదా, సామాను లోపల పెట్టుకోలేదేమని అడిగాను. పండగ నడిచినన్నాళ్ళూ గది అమ్మోరిదేనంది.

"అప్పా, ఈలోగా సర్వేయరెవరైనా వచ్చి గది ఎవరిదని అడిగితే మాత్రం నీదని చెప్పు. నీకు దండం పెడతాను."

ఆవిడ వక్క నోట్లో వేసుకుని కాసేపు నమిలింది.

"అమ్మోరు ఎల్లినాక రమ్మను. అప్పుడు సెప్తానులే."